నోటిమాటగా కుదిరిన ఒప్పందం

ఆరో రోజు కూడా సాల్వు నాతో మాట్లాడలేదు.

మాట్లాడకపోవడం మా ఇంట్లో నా పని. పదమూడేళ్ళుగా మాటలు అతని వంతు, వినడం నా వంతు. బస్సు నడిపి ఇంటికి రాగానే ఆ రోజు ఎవరెక్కారో, ఎవరు దిగడం మరిచిపోయి డిపోదాకా వచ్చారో, ఏ ముసలమ్మ తన కుక్కను చేతిసంచిలో దాచి ఎక్కించిందో వంటగదిలో నిలబడి చెప్పేవాడు. నేను బంగాళాదుంపల చెక్కు తీస్తూ వినేవాణ్ణి. అలాంటి మనిషి ఆరు రోజులు నోరు కట్టేసుకుంటే, ఇంకెవరింట్లోనో ఉన్నట్టుంటుంది.

శనివారం పొద్దున లేచి చూస్తే వంటగది పలక మీద సుద్దతో రాసి ఉంది. "డోరిస్ నాలుగింటికి వస్తుంది. అమ్మ దగ్గరికి పోతున్నాను. ఎన్నాళ్ళో తెలియదు."

ఆ పలక మీద మేము పాలు, సబ్బు, టీపొడి అని రాసుకునేవాళ్ళం. టీపొడి అన్న మాట కింద ఈ ముక్కలు రాశాడు. టీపొడిని చెరపలేదు.

డోరిస్ సాల్వుకు అక్క. మాల్టా నుంచి సిడ్నీకి ఓడలో వచ్చినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు, అతనికి నాలుగు. ఇప్పటికీ అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నట్టే మాట్లాడుతుంది. ఆమె లెక్కలో నేను ఆ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నవాణ్ణి. ఎప్పుడు వచ్చినా "బాగున్నారా ట్రాంటర్ గారూ" అంటుంది. అంతకుమించి ఆమెగానీ నేనుగానీ ఎన్నడూ ముందుకు పోలేదు.

సాల్వు డోరిస్ కారెక్కితే మళ్ళీ వస్తాడని నాకు నమ్మకం లేదు. కోపంతో లేచిపోయే మనిషి కాదతను. కోపమొస్తే గిన్నెలు తోముతాడు. పోవడానికి ఆరు రోజులు తీసుకున్నాడంటే ఆలోచించుకునే పోతున్నాడు.

ఎందుకు పోతున్నాడో మాత్రం నాకు తెలియదు. నాలుగింటిలోగా తెలుసుకోవాలి.

ఇదంతా 1999 ఫిబ్రవరి మాట. అంతకుముందు ఆదివారం విక్టోరియా పార్కులో మావాళ్ళ సంబరం జరిగింది. మావాళ్ళంటే మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు, వాళ్ళ కుక్కలు. కుక్కలకు అందాల పోటీ కూడా ఉండేది. సాల్వు ఏటా సర్వే బల్ల దగ్గర నిలబడేవాడు. విశ్వవిద్యాలయం వాళ్ళు నాలుగు పేజీల ఫారం పంచేవాళ్ళు. గడిచిన ఆరు నెలల్లో ఎంతమందితో కలిశారు, కండోమ్ వాడారా, హెచ్.ఐ.వి. పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు, ఏమొచ్చింది, అన్నీ గడులుగా ఉండేవి. పేరు రాయనక్కరలేదు. టిక్కులు పెట్టి అట్టపెట్టెలో వేస్తే సరి. ఆ పెట్టెకు కాపలా సాల్వు.

"రండి బాబూ రండి. మీ పాపాలన్నీ పది నిమిషాల్లో. పాదిరీ గారితో పని లేదు" అని దారినపోయేవాళ్ళను పిలుస్తుంటే జనం నవ్వుకుంటూ ఆగేవాళ్ళు. నేనూ ఒక ఫారం నింపి వేశాను. మధ్యాహ్నం దాకా అతను నవ్వుతూనే ఉన్నాడు. మామూలు కంటే ఎక్కువే నవ్వాడు. సాయంత్రం ఇంటికొచ్చి, దుప్పటీ తలగడా తీసుకుని వెనక వసారాలోకి పోయి పడుకున్నాడు.

ఆ తరువాత నాతో మాట లేదు.

మొదటిసారి మమ్మల్ని ఈ ప్రశ్నలు అడిగినప్పుడు పార్కూ లేదు, పెట్టే లేదు. 1986లో మా స్నేహితురాలు నోరీన్ ఇంటి వరండాలో, పన్నెండుమందిమి బీరు సీసాలు పట్టుకుని కూర్చుని ఉన్నాం. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అమ్మాయి ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, చెవులు ఎర్రగా చేసుకుని, ఆరు నెలల్లో ఎంతమంది అని అడిగింది. మా బెవన్ తల గోక్కుని, "విడిగా చెప్పాలా, డజన్లలో చెప్పాలా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆ అమ్మాయి కూడా నవ్వి, డజన్లలోనే చెప్పమంది. ఆ తరువాత నవ్వు ఆగింది. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టాం. అమ్మకు చెప్పనివి, డాక్టరుకు చెప్పనివి ఆ వరండాలో చెప్పాం. దీపాలు పెట్టేవేళ దాటినా ఎవరూ లేవలేదు.

ఆ పన్నెండుమందిలో ఇప్పుడు మిగిలింది నలుగురం. ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే నాకు చావులు గుర్తురావు. బెవన్ తల గోక్కోవడం గుర్తొస్తుంది. నోరీన్ పెరట్లో మల్లెపందిరి వాసన గుర్తొస్తుంది.

నోరీన్ ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. అప్పటికి సాల్వు డిపోలో సెలవు చీటీ ఇవ్వడానికి వెళ్ళాడు. నోరీన్ మా అందరికీ నర్సు. ఆసుపత్రిలో జబ్బుపడ్డ మావాళ్ళకు వార్డు తెరిచిన రోజు నుంచీ అందులో పనిచేసింది. తరువాత క్లినిక్కులో రక్తం తీసే పనికి మారింది. సర్వే బల్లకు పెద్ద కూడా ఆవిడే. తలుపు తోసుకుని వచ్చి, కుర్చీలో కూలబడి, సంచిలోంచి పసుపురంగు ఆప్రాన్ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. సాల్వుది. మంగళవారం తన క్లినిక్కుకు వచ్చి తిరిగి ఇచ్చేశాడట.

"ఇల్లెలా ఉంది క్లెమ్మూ?" అంది.

పలకను చూపించాను. చదివి, టీపొడి ఉందా అయిపోయిందా అని అడిగింది. ఒక్క కప్పుకు ఉంటుందన్నాను. అయితే నాకే పెట్టు అంది.

టీ పోస్తుండగా సాల్వు ఏమన్నాడని అడిగాను. ఆమె నోరు తెరిచేసరికి నెత్తి మీద విమానం వచ్చింది. మా పేట విమానాల దారి కింద ఉంది. విమానం పోయేదాకా మాట ఆపి, పోయాక అదే ముక్క దగ్గర అందుకోవడం అక్కడ అందరికీ అలవాటు. కొత్తగా వచ్చినవాళ్ళు విమానం మోతను మించి అరుస్తారు. పాతవాళ్ళు ఆగుతారు. నోరీన్ కప్పు పట్టుకుని ఆగింది. గాజుపలకలు కదిలి సద్దుమణిగాయి.

"ఒక కాగితం చదివానన్నాడు" అంది.

పెట్టె నిండి కాగితాలు పైకి పొడుచుకొచ్చాయట. లోపలికి నొక్కబోతే ఒకటి కంటబడిందట. కంటబడితే తప్పు లేదు, నేను చదివాను నోరీన్, అన్నాడట. ఎవరిదో చెప్పలేదు. ఇకమీదట తనను ఆ బల్ల దగ్గర నిలబెట్టవద్దన్నాడు. ఆవిడ కూడా వచ్చే ఏడాదికి వద్దనే చెప్పింది. ఇన్నేళ్ళుగా మనవాళ్ళు ఆ కాగితాల మీద నిజం రాస్తున్నారంటే, రాసినవాణ్ణి ఎవరూ వెతకరనే కదా అంది. ఆ నిజాన్ని బట్టే కరపత్రాలు మారతాయి, క్లినిక్కు తెరిచే వేళలు మారతాయి. ఒక్కడు వెతికాడని తెలిస్తే మరుసటేడు అందరూ అబద్ధాలే రాస్తారు.

"ఎవరిదో నువ్వు అడగలేదా?"

"అడగను. నువ్వూ చెప్పకు."

టీ తాగి లేచింది. గుమ్మం దగ్గర ఆగి నా చెవి మీదున్న పెన్సిలు వైపు చూసింది.

"పార్కులో అందరికీ నీలం పెన్నులిచ్చాం క్లెమ్మూ" అంది. వెళ్ళిపోయింది.

నేను కంచెలు వేసేవాణ్ణి. కూనాంబుల్ అవతల గోధుమ పొలాల్లో ఇరవయ్యేళ్ళు వేశాను. సిడ్నీకి వచ్చాక మునిసిపాలిటీ పార్కుల్లో అదే పని. చెవి మీద వడ్రంగి పెన్సిలు లేకపోతే నాకు తల వంకరగా ఉన్నట్టుంటుంది. ఆ ఫారం కూడా దానితోనే నింపాను. గుంజను ఎక్కడ కొయ్యాలో గుర్తు పెట్టినట్టు, ఏటవాలు గీత, చివర చిన్న తోక. ఆ గీత ఎవరిదో చెప్పగలిగేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్ణే పెట్టె దగ్గర నిలబెట్టారు.

బల్ల దగ్గర కూర్చుని ఏం రాశానో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. ఆరు నెలల్లో బయటి మనిషి ఎవరైనా? లేరు. పరీక్ష? అక్టోబరులో. ఫలితం? లేదని. దాచవలసింది ఒక్కటీ లేదు. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను.

"బయటివారితో సంబంధాల విషయంలో మీకూ మీ స్థిర భాగస్వామికీ మధ్య స్పష్టంగా, నోటిమాటగా కుదిరిన ఒప్పందం ఉందా?"

లేదు అన్న గడిలో గీత పెట్టాను.

మా ఊరి బడికి ఒక్కడే మాస్టారు, పాస్కో గారు. ఆరు తరగతులకూ ఒకటే గది. ప్రశ్న రెండుసార్లు చదవండి, అడిగినదానికి మాత్రమే రాయండి, అనేవాడు. తెలిసినదంతా రాస్తే మార్కులు కొట్టేసేవాడు. నేను ఆ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒప్పందం ఉందా అని అడిగితే ఉందనేవాణ్ణి. నోటిమాటగా ఉందా అని అడిగారు.

ఆ ఒప్పందం 1993 జూలైలో కుదిరింది. మాకు జూలై చలికాలం. ఇదే వంటగది, ఇదే బల్ల. చలికి కిటికీ అద్దాల మీద చెమట. ఇద్దరికీ రెండోసారి రక్తపరీక్ష చేశారు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మూడు నెలలు ఆగాం. రెండుసార్లూ ఇద్దరికీ హెచ్.ఐ.వి. లేదని వచ్చింది. ఏడేళ్ళుగా మంచం పక్క సొరుగులో ఉన్న కండోమ్ డబ్బాను ఇక మా ఇద్దరి మధ్య తీసెయ్యవచ్చా అన్నది ఆ రోజు మాట. మావాళ్ళ ఇళ్ళల్లో చాలామంది అప్పటికే అలా చేస్తున్నారు. సర్వేవాళ్ళు తరువాత దాన్ని కనిపెట్టి, దానికో పేరు పెట్టి, కరపత్రంగా అచ్చువేసి మాకే పంచారు.

సాల్వు గంటసేపు మాట్లాడాడు. మూడు ముక్కలు చెప్పాడు. బయట ఏదైనా జరిగితే కండోమ్ తప్పదు. అది తప్పితే ఇంటికొచ్చి చెప్పాలి. చెప్పినవాడి మీద రెండోవాడు అరవకూడదు.

మూడో ముక్క బెవన్ కోసం పెట్టాడు. బెవన్ ఒకసారి తన మనిషికి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతలివాడు వీధి వీధంతా వినేలా అరిచాడు. ఆ తరువాత బెవన్ ఎవరికీ ఏమీ చెప్పలేదు, డాక్టరుకు కూడా. మాకు తెలిసేసరికి నోరీన్ వార్డులో ఉన్నాడు. అక్కడ కూడా నర్సులను నవ్విస్తూనే ఉన్నాడు.

సాల్వు మూడూ చెప్పి నా మొహంలోకి చూశాడు. పెనం మీద గొర్రెమాంసం ముక్కలు రెండున్నాయి. పెద్దది అతని కంచంలో వేశాను. అతను తిన్నాడు. నా మటుకు అది సంతకం.

మా వైపు పక్కపొలం వాడితో కంచె వెయ్యాలంటే ఎవరూ అడగరు. మీ సగం మీరు వేస్తారు. ఒక రోజు అవతలి వైపు నుంచి సమ్మెట దెబ్బ వినిపిస్తుంది. అంతే.

సాల్వు రెండున్నరకు వచ్చాడు. బల్ల మీద ఆప్రాన్ చూశాడు. నన్ను చూశాడు.

"నోరీన్ వచ్చిందా?"

ఆరు రోజుల తరువాత మొదటి మాట. గొంతు కొంచెం తుప్పు పట్టినట్టు వచ్చింది. వచ్చిందన్నాను.

"చెప్పిందా?"

"నీలం పెన్నుల సంగతి చెప్పింది."

అతను కూర్చోలేదు. సింకులో ఉన్న నోరీన్ కప్పు కడిగాడు. కడిగిన కప్పే మళ్ళీ కడుగుతూ, వీపు నా వైపు పెట్టి మాట్లాడాడు. చదవడం తప్పేనన్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు చూడొద్దని నేర్పేవాడు తనే. చదివాక నన్ను నిలదియ్యాలంటే ముందు చదివానని ఒప్పుకోవాలి. అందుకే నోరెత్తలేదట.

"ఇప్పుడు ఒప్పుకున్నావుగా. అడుగు" అన్నాను.

"ఆరేళ్ళుగా ఆ ఒప్పందంలో నేనొక్కణ్ణే ఉన్నానా?"

నాకు చెప్పడం చేతకాదు. అయినా చెప్పాను. ప్రశ్నలో ఏముందో చెప్పాను. ఆ రోజు మాట్లాడింది నువ్వు, నేను ఒక్క ముక్కయినా అన్నానా అని అడిగాను. పాస్కో మాస్టారి సంగతి కూడా చెప్పాను.

అతను కుళాయి కట్టేసి ఇటు తిరిగాడు.

"పెద్ద ముక్క నా కంచంలో వేశావు కదరా."

"వేశాను. అది మాట కాదుగా."

"దేశంలో ఇన్ని వేలమంది నింపారు ఆ ఫారం. ఆ ప్రశ్నను ఇలా చదివినవాడు నువ్వొక్కడివే. నువ్వు మనిషివా, గుంజవా?"

గుంజ అని అతను నన్ను ముద్దుకు కూడా పిలిచేవాడు. ఆ రోజు ముద్దు లేదు. సర్వేవాళ్ళు పాపం మాలాంటివాళ్ళ గీతలు చూసి, ఇలాంటి ఇళ్ళల్లో ఒప్పందాలు లేవు, కరపత్రాలు ఇంకా పంచాలి అని రాసుకుంటారన్నాడు. అది నిజమే. నేనలా ఆలోచించలేదు.

విమానం వచ్చింది. ఇద్దరం ఆగాం. అతను కప్పు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని నేల చూశాడు. అయిదు వారాల నుంచి మనిషి కొంచెం చిక్కినట్టున్నాడని అప్పుడు గమనించాను. గమనించానంటే, ముందే చూసిందాన్ని అప్పుడు ఒప్పుకున్నాను.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు విమానం పోయాక. "మూడు ముక్కలూ. నీ నోటితో."

నాలుగింటికి పోయేవాడికి ఇప్పుడెందుకన్నాను.

"పోవాలా ఉండాలా అన్నది అది విన్నాకే తెలుస్తుంది. చెప్పు."

లేచి నిలబడ్డాను. బడిలో అప్పజెప్పినట్టే ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయట ఏదైనా జరిగితే కండోమ్ తప్పదు, అన్నాను. అది తప్పితే ఇంటికొచ్చి చెప్పాలి, అన్నాను. ఈ రెండూ నా గొంతులో నాకే కొత్తగా వినిపించాయి. 

"చెప్పినవాడి మీద రెండోవాడు అరవకూడదు."

సాల్వు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"మూడోది మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"మాటేనా?"

"మాటే."

అతను తలుపు వైపు ఒకసారి చూశాడు. తరువాత నెమ్మదిగా, బస్సులో తరువాతి స్టాపు పేరు చెప్పే గొంతుతో చెప్పాడు.

"జనవరిలో డిపోలో పార్టీ అని చెప్పి పోయానే, ఆ రోజు. రైలు దిగి ఇంటికి రాలేదు. ఒక మనిషితో వాళ్ళింటికి పోయాను. పేరు తెలుసు, అంతకంటే ఏం తెలియదు. కండోమ్ జేబులోనే ఉంది. తియ్యలేదు."

నేనేమీ అనలేదు. నాకు అలవాటైన పనే గానీ, అంత కష్టంగా ఎన్నడూ చెయ్యలేదు.

ఆదివారం సంబరం నుంచి వచ్చాక చెబుదామనుకున్నాడట. పొద్దుటి నుంచి మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. లోపల భయం, అందుకే అంత నవ్వాడు. సరిగ్గా అప్పుడు నా గీత కంటబడింది. ఒప్పందమే లేదని నేను రాసి ఉంటే, ఇక మూడో ముక్క ఎక్కడిది? ఏ ధైర్యంతో చెప్పాలి? చెప్పకుండా ఇక పక్కన పడుకోలేడు. అందుకని వసారా. అందుకని డోరిస్ కారు.

"ఆ రోజు నుంచి నీ దగ్గరికి రాలేదు. అందులో మాత్రం తప్పు చెయ్యలేదు" అన్నాడు. "గమనించావా?"

"గమనించాను."

"అడగలేదే."

"ఎండల వల్లనుకున్నాను."

అతనికి కళ్ళు తడి అయ్యాయి. నవ్వు కూడా వచ్చింది. "ఎండలట" అని గోడకు చెప్పాడు.

నా లోపల ఏముందో నాకు తెలుస్తూనే ఉంది. ఊళ్ళో ఉన్నప్పుడు కంచె తీగ లాగుతుంటే తెగి, చెంప పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయేది. పోయాక కూడా చాలాసేపు ఆ చెంప మీదనే ప్రాణం ఉండేది. అలా ఉంది. బెవన్ మీద అరిచినవాణ్ణి ఇన్నేళ్ళూ నేను క్షమించలేదు. అరవడం ఎంత సులువో ఆ పూట తెలిసింది.

పరీక్ష చేయించావా అని మాత్రం అడిగాను. లేదన్నాడు. సోమవారం ఒకటి చెయ్యాలి, మూడు నెలలకు మళ్ళీ ఒకటి. ఆ రెండోదాకా ఏదీ నమ్మడానికి లేదు. ఈ లెక్క మా ఇద్దరికీ కంఠతా వచ్చు.

నాలుగింటికి పది నిమిషాల ముందే కారు హారన్ వినిపించింది. డోరిస్ ఎప్పుడూ ముందే వస్తుంది. సాల్వు కదలలేదు. నేనే వీధి తలుపు తీశాను.

ఆమె కారు కిటికీ దించి, "బాగున్నారా ట్రాంటర్ గారూ, మావాడు తయారేనా?" అంది. వెనక సీటులో వాళ్ళమ్మ జున్ను కూరి కాల్చిన పస్తిజ్జీల పళ్ళెం గుడ్డ కప్పి ఉంది. వేడి జున్ను, నెయ్యి వాసన వీధిలోకి వచ్చింది.

అప్పుడే మూడు ముక్కలు మాట్లాడి వచ్చినవాణ్ణి కదా, నోరు ఇంకా తెరిచే ఉన్నట్టుంది. లేకపోతే ఆ మాటలు నేనని ఉండను.

"సాల్వు ఈ పూట రాకపోవచ్చు. సోమవారం పొద్దున్నే క్లినిక్కుకు పోవాలి. ఇద్దరం."

"క్లినిక్కుకా? మీరెందుకు?"

"నేను అద్దెకున్నవాణ్ణి కాను డోరిస్."

ఆమె ఇంజన్ ఆపింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అది నాకు పదేళ్ళ కిందటే తెలుసు" అంది. "మీ ఇద్దరిలో ఒక్కరూ చెప్పకపోతే నేనేమని పిలిచేది? అమ్మకూ తెలుసు. గది అద్దెకు తీసుకున్నవాడికి ఎవరైనా ఏటా స్వెట్టరు అల్లుతారా?"

 ఆ స్వెట్టర్లు పదకొండు ఉన్నాయి నా దగ్గర.

ఆమె స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుంది. ఏ క్లినిక్కని అడగలేదు. అడగకుండానే మొహం తెల్లబడింది. జబ్బా అంది మెల్లగా. తెలియదన్నాను. ఎప్పటికి తెలుస్తుందంది. మే నెల చివరికన్నాను.

"మూలమీది కొట్టుకు పోయి వస్తాను. అరగంట" అంది. "అప్పటికి వాడు కారెక్కుతాడో లేదో వాడే వచ్చి చెప్పాలి. మీరు కాదు." పస్తిజ్జీల పళ్ళెం నా చేతిలో పెట్టి కారు తీసింది.

వెనక్కి తిరిగేసరికి సాల్వు నడవలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

నిజమే. ఎవరూ చెప్పమనలేదు.

"పదమూడేళ్ళు నోరు తెరవనివాడివి. తెరిచిన పూటే నా రక్తం సంగతి నడివీధిలో మా అక్కకు పోస్తావా? అది నాది క్లెమ్. నేను చెప్పుకోవలసింది. నీ కాగితం నేను చదివానని నన్ను నేను తప్పు పట్టుకుంటున్నానే, నువ్వు చేసిందేమిటి?"

తప్పేనన్నాను.  పళ్ళెం వేడికి అరచేతులు కాలుతున్నాయి. నడవలో దించడానికి చోటు లేదు.

అతను దగ్గరికి వచ్చి పళ్ళెం అందుకున్నాడు. అందుకుని, నా మొహంలోకి చూశాడు.

"నువ్వు అరవలేదు" అన్నాడు.

"అరవనని మాటిచ్చాను."

"కోపం లేదా?"

"ఉంది. కోపం రాదని మాటివ్వలేదు."

అతను తలూపాడు. వంటగదిలోకి పోయి పళ్ళెం బల్ల మీద పెట్టాడు. నేను వెనకే వెళ్ళాను. విమానం ఒకటి దిగుతోంది. అది పోయేదాకా ఇద్దరం బల్లకు చెరోవైపు నిలబడ్డాం. ఆ శబ్దం ఎంతసేపున్నా బాగుండుననిపించింది.

పోయింది.

"అరగంట అంది" అన్నాడు. "నేనుంటే, ఈ రాత్రి నన్నెక్కడ పడుకోమంటావు? మన గదిలోనా, వసారాలోనా?"

రెండు చోట్లూ కళ్ళముందు పెట్టుకుని చూశాను. ఏదీ నాకు సరిగా కనబడలేదు. వేరే రోజయితే ఊరుకునేవాణ్ణి. నా ఊరుకోవడాన్ని అతను తనకు నచ్చినట్టు చదువుకునేవాడు.

"తెలియదు" అన్నాను, పైకే, వినపడేలా.

సాల్వు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, డోరిస్ వచ్చేదాకా, వీధి తలుపు వైపు మొహం పెట్టి.